పిన్ని పంపిన సొరగింజలు

పిన్నికి,

నీ ఉత్తరం అందింది. డబ్బాలో దాచుకున్న సొరగింజలన్నీ పురుగు పట్టి పొడైపోయాయని చదివి బాధపడ్డాను. ఏటా నాకు పంపినవాటిలో ఏమైనా మిగిలాయా అని అడిగావు. మిగలకేం, నీ చేతి పొట్లాలు పారేస్తానా.

నువ్వు ఎంగిలి చేత్తో కాకిని తోలవని చుట్టాలంటారు. నేనొప్పుకోను. మూడేళ్లుగా అడక్కుండానే గింజలు పంపావు. మొదటి ఏడు మొలవకపోతే "మీ మట్టిలో పస లేదే" అన్నావు, మట్టి మార్చాను. రెండో ఏడు "నీళ్లెక్కువయ్యాయేమోనే" అన్నావు, మా ఆయన్ని తిట్టాను. మూడో ఏడు పొట్లం విప్పగానే వేయించిన వాసన గుప్పుమంది. ఆయనకింకా క్షమాపణ చెప్పలేదు.

నీ పాదుకు కాసినట్టు ఇంకెవరి పాదుకూ కాయకూడదని, పెనం మీద వెచ్చబెట్టి మరీ పంపావు. అంత ఓపిక ఎవరికుంటుంది?

నా విత్తనాల పెట్టెలో ఏ ఏటివి ఆ ఏడు రాసి, సగం దాచాను. మూడు పొట్లాలూ ఈ ఉత్తరంతో పంపుతున్నాను. అమ్మమ్మ నాటి నుంచి వస్తున్న ఆ సొరకు ఈ భూమ్మీద మిగిలిన గింజలు ఇవే. నీళ్లు మాత్రం చూసి పొయ్యి.

నీ అక్క కూతురు