గండి చెరువులో పరజల వేట

కర్నూలు,
1954, కార్తీక మాసం.

మహారాజశ్రీ బావగారు ఓబుళరెడ్డిగారి సముఖానికి బావమరిది గంగాధరం నమస్కరించి రాసుకునేది. నేనూ పిల్లలూ కర్నూలు గాలికి ఎగిరిపోకుండా క్షేమంగా ఉన్నాము. అక్కయ్య, మీరు ఎట్లున్నారో రాయవలెను.

రాజధాని అని పేరేగాని మా ఆఫీసు ఇంకా గుడారంలోనే. గాలి వీస్తే కాయితాలు తుంగభద్ర దిక్కు లేచిపోతాయి. అందుకని ప్రతి దొంతర మీదా ఒక రాయి పెడతాము. మన చిన్నగొట్టిపల్లె చెరువుకు పడిన గండి పూడ్చాలని మీరు పెట్టుకున్న అర్జీ కూడా మా దొర సుందరంగారి బల్ల మీద ఒక పెద్ద రాయి కిందనే భద్రంగా ఉంది. దాని పైనా కిందా సీమ అంతటి అర్జీలూ ఉన్నాయి. ఏ రాయి ఎప్పుడు లేస్తుందో దేవుడికే తెలియాలి.

సుందరంగారు కొల్లేటి పక్క మనిషి. మంచివాడే. కాకపోతే నోరు విప్పితే బాతుల వేట తప్ప వేరే మాట లేదు. ఒక్క తోటాతో ఎన్ని కూల్చినాడో చెప్తాడు, చెప్పినప్పుడల్లా లెక్క పెరుగుతుంది. నిన్న టీ తాగేటప్పుడు అందరి ముందరా “ఏమయ్యా గంగాధరం, మీ సీమలో బాతును చూడాలంటే పిల్లల వాచకం తెరవాల్సిందేనా? నీళ్ళుంటే కదా దిగడానికి!” అన్నాడు. అందరూ నవ్వినారు. నౌకరీ కదా, నేనూ నవ్వినాను. ఇంటికొచ్చినాక మాత్రం మీకు ఈ జాబు రాయడానికి కూర్చున్నాను.

మీ ఆశీర్వాదం కోరే,
గంగాధరం.

తా.క. అక్కయ్య రోట్లో నూరి పంపిన ఊరుబిండి పచ్చడి దొరగారికి రవ్వంత రుచి చూపించినాను. కళ్ళనీళ్ళు కారిపోయినాయి. సీమలో నీళ్ళున్నాయని అప్పటికి ఒప్పుకున్నాడు.


చిన్నగొట్టిపల్లె,
రాయచోటి తాలూకా.

చిరంజీవి గంగాధరాన్ని బావ ఓబుళరెడ్డి దీవించి రాయునది. మీ అక్క, నేను, ఎద్దులు, మా నాయన తుపాకి, అందరమూ క్షేమం.

నువ్వు కూడా నవ్వినావా? అందరూ నవ్వితే నువ్వూ నవ్వినావా? మీ అక్క ముఖం చూసి ఊరుకుంటాండా, లేకుంటే ఈ జాబు ఇంకో రకంగా ఉండేది.

మీ దొరకు చెప్పు. మా చెరువు మా ముత్తాత కట్టించింది. చెరువు నిండి మరవ పారిన ఏడాది పరజలు దిగితే నీళ్ళు కనపడేవి కావు. పరజ అంటే ఉత్తరాది నుంచి చలికాలం వచ్చే అడవిబాతు, కొల్లేటోళ్ళు ఏమంటారో నాకు తెలీదు. మా నాయన జోడుగొట్టాల తుపాకి పేలిస్తే లేచిన పరజల నీడకు కట్టమీద పోసిన వడ్లు ఆరేవి కావు. ఒక మాట ఆలోచించమను. అన్ని కొండలు దాటి వచ్చే పక్షికి తోవలో కొల్లేరు కనపడదా? కనపడుతుంది. అయినా అక్కడ దిగకుండా మా రాయచోటి పక్కకు ఎందుకొస్తుంది? రుచి తెలిసిన పక్షి కాబట్టి.

ఈ ఏడు కూడా దిగినాయి. చెరువు నిండా పరజలే. పొద్దున వాటి రెక్కల చప్పుడుకు నిద్ర లేస్తాండాము. మీ దొరను తుపాకి తీసుకొని రమ్మను. తోటాలు చాలకపోతే మేమిస్తాము.

ఈ జాబు అందరి ముందరా నిలబడి గట్టిగా చదువు.

మాట తప్పని వంశంలో పుట్టిన మీ బావ,
ఓబుళరెడ్డి.

తా.క. గండి అర్జీ మరచిపోవద్దు. చుక్క నీళ్ళు నిలవడం లేదు, వేసిన వరి గడ్డికి కూడా రాలేదు. ఈ తా.క. మాత్రం గట్టిగా చదవొద్దు.


కర్నూలు.

బావగారికి గంగాధరం వెయ్యి దండాలతో రాసుకునేది.

మీరు చెప్పినట్టే జాబు అందరి ముందరా చదివినాను. వడ్లు ఆరని సంగతి దగ్గర మన సీమ గుమాస్తాలు బల్లలు చరిచినారు. ఇన్నాళ్ళకు తలెత్తుకొని తిరిగినాను బావా. ఆ సంతోషం మధ్యాహ్నం దాకా ఉంది.

మధ్యాహ్నం సుందరంగారు పెద్ద రాయి ఎత్తి మన అర్జీ బయటికి తీసినాడు. దాని అంచున ఎర్రసిరాతో ఇట్లా రాసినాడు: “చెరువు నిండా నీరున్నట్టు, అడవిబాతులు ఈదుతున్నట్టు గ్రామపెద్ద స్వయంగా తెలియజేయుచున్నారు. గండి ఎక్కడ? స్వయంగా చూచి తేల్చవలెను.” వేటకూ తనిఖీకీ కలిపి వచ్చే ఆదివారమే బయలుదేరుతానంటాడు.

మీరు నన్ను కొట్టినా సరే, ఒక్క మాట అడుగుతాను. గండి ఉండాదా, పరజలుండాయా? రెండూ ఒకే చెరువులో ఎట్లుంటాయి? పరజలున్నాయంటే అర్జీ పోతుంది. పరజలు లేవంటే మన మాట పోతుంది.

మీ పాదాల దగ్గర నిలబడి అడుగుతున్న,
గంగాధరం.

తా.క. దొరగారు మీ జాబు తన కళ్ళతో చూస్తానని చెయ్యి చాపినాడు. మీ తా.క. ఉన్న ముక్కను చించి మింగేసినాను. ఊరుబిండి అయిపోయింది కాబట్టి శానా కష్టమైంది.


చిన్నగొట్టిపల్లె.

చిరంజీవి గంగాధరానికి దీవెనలు. కాయితం తిన్నందుకు అక్క కంగారు పడి శొంఠి కషాయం తాగమనింది.

నువ్వు అడిగినదానికి జవాబు. గండీ ఉండాది, పరజలూ ఉండాయి. సీమ పరజలకు రోషమెక్కువ. నీళ్ళకు ఆశపడి వచ్చే రకం కాదు, పాత పరిచయం కొద్దీ వస్తాయి. నీళ్ళు లేకపోయినా దిగి, కాసేపు కూర్చొని, పలకరించి పోతాయి. ఈ మాట దొరకు అర్థమయ్యేటట్టు చెప్పు.

ఆదివారం మాత్రం వద్దను. ఉత్తరపు గాలి ఇంకా పడలేదు, పొద్దున ఉక్కగా ఉండాది, వేటకు ఇది అదను కాదు. పైగా మన పరజలన్నీ ఒంటిమిట్ట చెరువుకు పోయినాయి. కోదండరాముడి దర్శనం చేసుకొని వస్తాయి. దేవుడి పని మీద పోయినవాటిని తొందర పెట్టకూడదు.

నీకు ఒక్కనికే చెప్తాండా. నీ జాబు వచ్చినప్పటినుంచి రోజూ తెల్లవారకముందే తుపాకి భుజాన వేసుకొని కుంట కుంటా తిరుగుతాండా. ఎక్కడా పరజ ఈక లేదు. మొన్న కొండ కింది కుంటలో ఒక్క నీటికోడి కనపడింది. గురి పెట్టినా. అది నా పక్క చూసింది, నేను దాని పక్క చూసినా. ఈ కరువులో అదీ ఒంటిదే, నేనూ ఒంటివాణ్ణే. తుపాకి దించేసినా.

మీ అక్క అంటాంది: “పోనీ, పరజలు లేవని ఒక్క ముక్క రాసేస్తే ఏం పోతాదప్పా?” నేను చెప్పినా: “కట్ట తెగితే పూడ్చడానికి ఇంజనీర్లు ఉండారే. మాట తెగితే పూడ్చేదానికి ఎవురుండారే?” ఆమె లోపలికి పోయి సంగటి గిన్నె గట్టిగా పెట్టింది.

ఇట్లు, పరజలకు కాపలా ఉన్న మీ బావ,
ఓబుళరెడ్డి.

తా.క. ఒంటిమిట్ట సంగతి మరీ గట్టిగా చదవొద్దు. ఒంటిమిట్టవాళ్ళు ఎవరైనా ఆ గుడారంలో ఉంటారేమో.


కర్నూలు.

బావగారికి గంగాధరం నమస్కారం. ఊరి దేవతలందరికీ మొక్కుకొని రాసుకునేది.

ఒంటిమిట్ట సంగతి మెల్లగానే చదివినాను, కానీ ఒంటిమిట్టాయన మా పక్కబల్లలోనే ఉన్నాడు. “మా చెరువుకు ఏ యాత్రికులూ రాలేదే” అన్నాడు. గుడారం కప్పు ఎగిరేటట్టు నవ్వినారు. సుందరంగారు నవ్వలేదు. “శుక్రవారం జీపులో బయలుదేరుతున్నా. బాతులుంటే అర్జీ కొట్టేస్తా. లేకపోతే, బాతుల గురించి అబద్ధమాడినవాడు గండి గురించి నిజం చెప్పాడని నేనెట్లా నమ్మేది?” అన్నాడు. రెండు దిక్కులా గొయ్యే బావా.

జీపులో నాకు చోటు లేదు. తుపాకి, తోటాల పెట్టె, టిఫిను క్యారియరు, ఇద్దరు బిళ్ళబంట్రోతులు ఎక్కితే నిండిపోతుంది. ఏం చేస్తారో మీ ఇష్టం.

మీ గంగాధరం.

తా.క. దొరగారి తుపాకి సంచి చూసినాను. దుమ్ము లేదు, గీత లేదు, అంగట్లోనుంచి అప్పుడే దించినట్టుంది. వస్తువును ఎంత భద్రంగా చూసుకుంటాడో!


చిన్నగొట్టిపల్లె.

చిరంజీవి గంగాధరానికి దీవించి రాయునది. మీ దొర వచ్చినాడు, పోయినాడు. అందరూ ప్రాణాలతో ఉన్నాము.

మన పక్క పాత వేట పద్ధతి నీకు తెలుసు కదా. నీళ్ళమీద కుండలు బోర్లించి తేలవిడుస్తాము. పరజలు వాటికి అలవాటు పడినాక, మనిషి ఒక కుండ నెత్తిన బోర్లించుకొని మెడలోతు నీళ్ళలో మెల్లగా పోయి పరజల కాళ్ళు పట్టుకుంటాడు. పరజలు లేకపోయినా పద్ధతైనా చూపిద్దామని తూము కాడ మిగిలిన మడుగులో కుండలు తేలవిడిచినా. ఈ పనిలో మన ఊరి ఏసన్నది అందె వేసిన చెయ్యి. మడుగు మోకాటిలోతే కాబట్టి పాపం గొంతుక్కూర్చొని కుండ పెట్టుకున్నాడు.

జీపు దిగి దొర చెరువు చూసినాడు. ఇటు చివరినుంచి అటు చివరిదాకా పగుళ్ళిచ్చిన ఒండ్రు, నడుమ కంపచెట్లు, మూలన మడుగు. “రెడ్డిగారూ, బాతులేవీ?” అన్నాడు. “ముందు మా వేట పద్ధతి చూడండి సార్, పరజలు వాటంతట అవే వస్తాయి” అని నేను అంటాన్నాను, అంతలో ఏసన్నకు కాలు తిమ్మిరెక్కి కుండ కదిలింది. అంతే! దొర తుపాకి ఎత్తినాడు. “ఆగండి సార్, మనిషి!” అని అరిచి గొట్టం కిందికి చెయ్యి పెట్టి పైకి తోసినా. ఢామ్మంది. తుమ్మచెట్టు కొమ్మ విరిగి బంట్రోతు మీద పడింది. కుండ లేచి నిలబడి గండిలోనుంచి పరుగో పరుగు. “బాతు పారిపోతాంది సార్!” అని రెండో బంట్రోతు కేక.

దొర ముఖం తెల్లగా పాలిపోయింది. తుపాకి కింద పెట్టేసినాడు. ఊరంతా కట్టమీదే ఉండారు. అప్పుడు నేను అందరికీ వినపడేటట్టు చెప్పినా: “ఏం గురి, ఏం గురి! తుమ్మకొమ్మ మీద కొంగను కొట్టబోయినాడు దొర. వెంట్రుకవాసిలో తప్పినాది. ఎదురుగాలి లేకుంటేనా?” ఆ చెట్టు మీద కొంగ లేదు. దొర నా పక్క ఒక చూపు చూసినాడు.

తరువాత మన ఇంట్లో సంగటి, నాటుకోడి పులుసు తిన్నాడు. పొద్దు వాలినాక నేనూ ఆయనా ఇద్దరమే గండికాడికి పోయినాము. శానాసేపు మాట్లాడుకున్నాము. ఏం మాట్లాడుకున్నామో అడగొద్దు, మాట ఇచ్చినా. ఏం రాస్తాడో నాకు తెలీదు. రాత్రంతా చెరువు గురించే దిగులు. అయినా నేను రాసినదాంట్లో ఒక్క మాట కూడా వెనక్కి తీసుకోలేదు, అది చాలు.

మీ బావ ఓబుళరెడ్డి.

తా.క. ఏసన్న మరుసటి రోజు పొలం గట్టునుంచి కేకేసి “దొర పోయినాడా?” అని అడిగినాడు. కుండ ఇంకా తీయలేదు.


కర్నూలు.

బావగారికి, అక్కయ్యకు గంగాధరం సాష్టాంగపడి రాసుకునేది. గండి పూడ్చే పనికి ఆర్డరు అయింది!

సుందరంగారి రిపోర్టు నేనే టైపు కొట్టించినాను. “ఈ చెరువున కొంగ కాలు తడుపుకొనుటకైనను నీరు లేదు. గండి మిక్కిలి పెద్దది. ఎండలు ముదరకముందే పూడ్చవలెను” అని ఉంది. చదువుతుంటే నా కళ్ళు మసకబారినాయి. ఎండాకాలంలోగా పని మొదలుపెట్టి ముగిస్తారు.

ఒకటే అర్థం కాలేదు. గుడారంలో మాత్రం అక్కడ వేట బ్రహ్మాండంగా జరిగిందని చెప్పుకుంటున్నాడు. “నీళ్ళే లేవని రాసినారు, మరి బాతులెక్కడివి సార్?” అని ఒంటిమిట్టాయన అడిగితే, “సీమ పరజల సంగతి మీకు తెలియదు. వాటికి రోషమెక్కువ, నీళ్ళు లేకపోయినా దిగుతాయి” అన్నాడు. మీ మాటే బావా, అక్షరం పొల్లు పోలేదు!

సంతోషంతో మీ గంగాధరం.

తా.క. ఊరుబిండి అడుగుతున్నాడు. జాడీ పెద్దది పంపమన్నాడు.


చిన్నగొట్టిపల్లె,
1955, మార్గశిర మాసం.

చిరంజీవి గంగాధరాన్ని బావ ఓబుళరెడ్డి కడుపునిండా దీవించి రాయునది.

చెరువు నిండింది. తుపాను వానకు రాత్రికి రాత్రే మరవ పారింది. కొత్త కట్ట రాయి కూడా కదల్లేదు. మొన్న తెల్లవారి మంచులో కట్టమీదికి పోతే నీళ్ళమీద ఏదో నల్లగా పరచుకొని ఉంది. గడ్డేమో అనుకున్నా. చప్పట్లు కొడితే ఆ గడ్డంతా లేచి ఆకాశానికి ఎక్కింది. పరజలు గంగాధరా, పరజలు! ముసలోణ్ణి, సిగ్గు లేకుండా నిలబడి ఏడ్చినా. మా నాయన ఉండి చూసింటే బాగుండు.

వెంటనే మీ దొరకు కార్డు రాసినా, రమ్మని. తుపాకి గుర్రం వదులైందన్నాడు. మళ్ళీ రాసినా. తోటాలు చెమ్మగిల్లినాయన్నాడు. మళ్ళీ రాస్తే కాలు బెణికింది, పైగా గాలి అనుకూలంగా లేదంటాడు. కర్నూల్లో కూర్చొని మా చెరువుమీద గాలి సంగతి ఆయనకెట్లా తెలుసు? నా పాఠం నాకే అప్పజెప్తాండాడు!

నువ్వు ఇంటివాడివి కాబట్టి ఇప్పుడు చెప్తాండా, కడుపులో పెట్టుకో. ఆరోజు గండికాడ ఆయన అన్నాడు: “రెడ్డిగారూ, ఈ తుపాకి మా మామగారిది. నా జన్మలో పేల్చింది ఈ ఒక్కసారే. రెండు కళ్ళూ మూసుకున్నాను.” నేను చెప్పినా: “నాకు తెలుసు సార్, చూసినా. ఈ చెరువులో పరజ దిగి ఆరేండ్లయింది.” “నాకూ తెలుసు, చూశాను” అన్నాడు. ఇద్దరమూ కట్టమీద కూలబడి పొట్ట పట్టుకొని నవ్వినాము. పోయేముందర అన్నాడు: “అర్జీల్లో అందరూ ఏడ్చారండీ, రాయి ఎత్తబుద్ధి కాలేదు. గొప్పలు చెప్పింది మీరొక్కరే. అందుకే చూడాలనిపించింది.” చూసినావా? సీమవాడు ఏడిస్తే కాదు, మీసం దువ్వితేనే దొర కదిలినాడు.

ఆయనకు చెప్పు, తుపాకి లేకుండా రమ్మను. నేనూ నా తుపాకి చిలక్కొయ్యకు తగిలించేసినా. ఏడేండ్లకు ఇంటికొచ్చిన చుట్టాలను ఎవరైనా కాలుస్తారా? కట్టమీద కూర్చొని ఊరికే చూద్దాము. తరువాత బయట ఎంత వేటాడినామో ఆయన ఇష్టం వచ్చినట్టు చెప్పుకోనీ, నేను సాక్ష్యం పలుకుతా.

ఇట్లు, పరజల పెద్ద చుట్టం, మీ బావ
ఓబుళరెడ్డి.

తా.క. పోయినేడు నేను నీకు రాసింది అబద్ధమని మీ అక్క ఏడాదిగా సాధిస్తాంది. పొద్దున ఆమెను కట్టమీదికి తీసుకుపోయి, ఆ జాబులో ఏం రాసినానో ఒక్కొక్క మాటే చెప్పి చూపించినా. చెరువు నిండా పరజలే, రెక్కల చప్పుడుకే మెలకువ. అంతా నిజం. తేదీ ఒక్కటే కాస్త ముందుగా వేసినా.