గుమ్మడికాయ ఎవరు కొట్టారని అమ్మ అడిగింది

మంజూ,

బాగున్నావా అని మొదలుపెట్టడం అలవాటు. ఎక్కడున్నాడో తెలియనివాడిని ఏమని అడగను? అయినా అడుగుతున్నాను... బాగున్నావా? రేపు ఆయుధ పూజ. నువ్వు పోయి ఏడాది నిండుతుంది.

సూళగిరిలో రోడ్డు పక్కన బూడిద గుమ్మడికాయలు కుప్పలు పోశారు. కూరగాయలకని పోయి, తల పక్కకు తిప్పుకుని నడిచాను. ఎంత దూరమని తిప్పుకోను? ఆ చివర నుంచి ఈ చివర దాకా అవే.

నీకు ఒక మంచి వార్త ఉంది, ముందు అది చెబుతాను. మీ టీం గెలిచింది రా. జోన్ కప్పు మీదే. సేలంలో జరిగిన ఇంటర్ జోన్ కప్పు కూడా మీదే. కాలేజీ పెట్టినప్పటి నుంచి బాస్కెట్‌బాల్‌లో ఇంత దూరం ఎవరూ పోలేదని మీకు ఆట నేర్పే పీడీ సార్ అన్నారు. నువ్వుండి ఉంటే వారం రోజులు నా చెవిలో జోరీగ అయ్యేవాడివి. "చూస్తివా అక్కా, నేను చెప్పలేదా?" అని... చెప్పావులే. నువ్వు చెప్పనిది ఏముంది?

ఆ రోజు సంగతి నీకు తెలుసు. తర్వాత దాని చుట్టూ అల్లుకున్నది నీకు తెలియదు. అందుకే మళ్ళీ అక్కడి నుంచే మొదలుపెడుతున్నాను, కోపం తెచ్చుకోకు.

పూజ బాగా చేశారట. బాళ్ళకు, గాలి కొట్టే పంపుకు, సార్ విజిల్‌కు, చివరికి రింగు స్తంభానికి కూడా విభూతి పట్టెలు, కుంకుమ బొట్టు. బొరుగులు, శెనగలు పంచారు. ఆ పైన గుమ్మడికాయ మీద కర్పూరం వెలిగించి, కోర్టుకు దిష్టి తిప్పి, కాలేజీ గేటు బయట రోడ్డు మీద పగలగొట్టాలి. ఆ పని కెప్టెన్‌దే. మీ టీంలో ఎప్పటి నుంచో అదే ఆచారం. కెప్టెన్‌వి నువ్వు... "ఈ తూరి కప్పు మనదేరా!" అని అరిచి కొట్టావట.

బాళ్ళ రూముకు తాళం వేయడం కూడా కెప్టెన్ పనే. నువ్వు లోపలికి పోయావు. మిగతావాళ్ళు ఎదురుగా టీ అంగడి దగ్గర నిలబడ్డారు. మసక చీకటి. తాళం వేసి, బండి తీసి, గేటు దాటి మలుపు తిరిగావు. చక్రం ఆ ముక్కల మీదే జారింది. వెనక లారీ వస్తోంది.

నువ్వు కొట్టిన కాయే మంజూ. ఎవరిని తిట్టను? లారీ వాడిని తిట్టి చూశాను, మనసు నిండలేదు. నిన్ను తిట్టడానికి నోరు రాలేదు. హొసూరు నుంచి కృష్ణగిరి దాకా ప్రతి అంగడి ముందూ కొడతారు, ప్రతి లారీ ముందూ కొడతారు. కొట్టాక కాలితో ఇంత పక్కకు తోసి పోవాలని ఇంతమందిలో ఒక్కరికీ తోచదా? నీకైనా తోచలేదా?

ఆసుపత్రిలో అమ్మ అడిగింది, ఎట్లా పడ్డాడని. గుమ్మడికాయ మీద జారాడని ఎవరో చెప్పారు. ఎవరు కొట్టిన కాయ అని అడిగింది. రోడ్డు పొడుగునా అంగళ్ళే కదమ్మా, ఎవరిదని చెప్పేది అన్నారు సార్. ఆ క్షణంలో ఆయన నోటికి వచ్చిన మాట అది. నేనైనా అదే అనేదాన్ని.

నాకు అసలు సంగతి చెప్పింది సెల్వం. నీ దినాల రోజున, కొట్టం వెనక నిలబడి, గోడ వైపు తిరిగి చెప్పాడు. నీ టీంలోని సెల్వం... మన కృష్ణగిరి పక్క పోచంపల్లి నుంచి వచ్చి బర్గూరులో రూము తీసుకున్నవాడు. ఆదివారం అయితే చాలు, నీ వెంట మనింటికి రాగి ముద్ద, ఉలవచారు తినడానికి వచ్చేవాడు. నువ్వు పోయాక కూడా వాడు రావడం మానలేదు. ఒక్కడే వచ్చి, తిని, అమ్మకు నీళ్ళు మోసి పోయేవాడు.

ఇక అమ్మ సంగతి విను. రోజూ గులాబీ తోట నుంచి వచ్చి, చేతుల్లో ముళ్ళు తీసుకుంటూ గడప మీద కూర్చునేది. దీపం పెట్టే వేళకు మొదలుపెట్టేది. ఆ కాయ కొట్టినవాడి చెయ్యి విరిగి పడాలని. వాడికి పుట్టగతులు లేకుండా పోవాలని. వాడిని కన్నతల్లి తనలాగే కడుపు కొట్టుకుని ఏడవాలని...

ఆ తల్లివి నువ్వేనమ్మా అని ఎట్లా చెప్పను? వీధిలో వాళ్ళు అయ్యో పాపం అనుకుంటూ పోయేవాళ్ళు. నేను లోపల చెవులు మూసుకుని మా బడి పిల్లల నోటుబుక్కులు దిద్దేదాన్ని. ఏం దిద్దానో ఆ పిల్లలకే తెలియాలి.

నేను మ్యాచ్‌లకు పోయింది కూడా అందుకే. నీ మీద ప్రేమతో పోయిందని అందరూ అనుకున్నారు. ఆ వేళకు ఇంట్లో ఉండలేక పోయాను రా. బంతి ఏ రింగులో పడాలో కూడా నాకు సరిగ్గా తెలియదని నువ్వు ఎన్నిసార్లు నవ్వలేదు?

మొదటి మ్యాచ్ కృష్ణగిరిలో. రిఫరీ కెప్టెన్లను పిలిచాడు. అవతలి వాడు వచ్చి నిలబడ్డాడు. మన వైపు నుంచి ఎవరూ కదల్లేదు. మళ్ళీ పిలిచాడు. అప్పుడు సార్ సెల్వం వీపు మీద చెయ్యి వేసి ముందుకు తోశారు.

ఆట మొదలయ్యాక నాకు మొదట తెలిసింది ఆ నిశ్శబ్దం. బంతి చప్పుడు, బూట్ల కిర్రు, అంతే. నువ్వున్నప్పుడు కోర్టు సంతలా ఉండేది కదా... "యాడ చూస్తాండావురా? ఈడ ఇయ్యి!" "ఆడికి పో, ఆడికి!" ధర్మపురి, సేలం వాళ్ళకు అర్థం కాకూడదని టీం మొత్తానికి మన మాట నేర్పావు. తమిళ పిల్లలకు, కన్నడ పిల్లలకు కూడా. పాపం, బాస్కెట్‌బాల్, బూతులు తప్ప వాళ్ళకు తెలుగులో ఇంకో ముక్క రాదు.

సగం ఆట అయ్యేసరికి చాలా వెనకబడ్డారు. సార్ ఏం చెప్పారో వినపడలేదు. మళ్ళీ మొదలైన కాసేపటికి ఎవరో అరిచారు, "ఈడ ఇయ్యప్పా, నేనుండాను కదా!" అని.

నేను లేచి నిలబడ్డాను మంజూ. నిజంగా నీకోసం చూశాను. గొంతు నీది కాదు, మాట నీది, ఆ 'కదా' దగ్గర లాగడం నీది. సెల్వం అరుస్తున్నాడు. ఏడుస్తూనే అరుస్తున్నాడు, అరుస్తూనే ఆడుతున్నాడు. కాసేపటికి మిగతావాళ్ళూ అందుకున్నారు. ఆ రోజు గెలిచారు. ఆ తర్వాత ఓడింది లేదు.

సేలం ఫైనల్ నువ్వే చూసి ఉంటావని నా ఆశ. చూశావా? చివర్లో ఒక్క పాయింటు తక్కువ. సెల్వం దూసుకుపోతే అవతలి వాడు మోచేత్తో పడేశాడు. రెండు ఫ్రీ త్రోలు. హాలంతా వాళ్ళ జనమే, చెవులు పగిలే గోల. వాడు బంతి పట్టుకుని పెదవులు కదిపాడు. ఏమన్నావని తర్వాత అడిగాను. నువ్వు చెప్పిన మాటేనట... "రింగును చూసి భయపడద్దురా, అది యాడికీ పోదు." రెండూ వేశాడు.

గెలిచినవాళ్ళు ఎగరాలి కదా? మీ వాళ్ళు కోర్టు మధ్యలో కూర్చుండిపోయారు. కప్పు ఇచ్చే పెద్దమనిషి మైకులో పిలుస్తూనే ఉన్నాడు.

ఇక ఇక్కడి నుంచి నాకు రాయాలని లేదు. కానీ నీకు తప్ప ఎవరికి చెప్పుకోను?

ఆ మర్నాడు కాలేజీ వ్యానులో అందరూ మనింటికి వచ్చారు, కప్పు అమ్మ చేతిలో పెట్టాలని. దీపం పెట్టే వేళకే వచ్చారు. వ్యాను ఆగేసరికి అమ్మ గడప మీద తన రోజువారీ శాపం పెడుతోంది. వాళ్ళంతా వాకిట్లో నిలబడి మొత్తం విన్నారు.

అమ్మ కళ్ళు తుడుచుకుని అందరినీ చాప మీద కూర్చోబెట్టింది. కాఫీ ఇచ్చింది. కప్పు ఒళ్ళో పెట్టుకుని, చంటిబిడ్డను చూసినట్టు చూసింది. ఆ తర్వాత అడిగింది. మీరు రోజూ ఆ రోడ్డు మీదే తిరిగేవాళ్ళు, మీకు తెలియకుండా ఉండదు, ఇవాళైనా చెప్పండి నాయనా, ఆ కాయ కొట్టింది ఎవరు అని.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు అనే సామెత చెప్పి మా బళ్ళో పిల్లలను నవ్విస్తుంటాను. ఆ పొద్దు అందరూ తలలు దించుకున్నారు, దొంగ కానివాళ్ళంతా.

సెల్వం లేచి నిలబడ్డాడు. నేనే కొట్టినానమ్మా అన్నాడు. నువ్వు నేర్పిన తెలుగులోనే.

అమ్మ వాడిని తిట్టలేదు, కొట్టలేదు. దగ్గరికి పోయి వాడి చేతిలోని లోటా తీసుకుంది. సగం తాగిన కాఫీ వాకిట్లో పారబోసింది. ఇంక ఈ గడప తొక్కవద్దని చెప్పి లోపలికి పోయింది. నేను అరిచి ఉండాల్సింది. నిజం చెప్పి ఉండాల్సింది. చెబితే ఇన్ని నెలల శాపాలూ ఎవరి మీద పడినట్టు? అమ్మ బతుకుతుందా అది తెలిసి?

ఆ సాయంత్రం నుంచి అమ్మ శాపం మానేసింది. తిండి పెట్టిన బిడ్డను తిట్టలేకపోయిందేమో. హాయిగా ఉంటుందనుకున్నాను. లేదు రా. ఇప్పుడు ఆ వేళకు ఊరికే కూర్చుంటుంది, ముళ్ళు కూడా తీసుకోదు. ఆ మౌనం కన్నా ఆ తిట్లే నయం అనిపిస్తుంది ఒక్కోసారి. పేపర్లో వచ్చిన టీం ఫొటో తెచ్చి చూపిస్తే, సెల్వం ఉన్న వైపు మడిచి గోడకు అంటించింది.

ఆదివారాలు నేనే క్యారియర్‌లో ముద్ద, చారు పెట్టుకుని బర్గూరు పోతున్నాను. నీకేం పట్టిందిరా, ఎందుకట్లా చెప్పావని మొదటిసారి పోయినప్పుడు బాగా తిట్టాను. తలవంచుకుని తిన్నాడు. తన కెప్టెన్‌ను కన్నతల్లే తిడుతుంటే ప్రతి ఆదివారం వినలేకపోయాడట. ఎవరో ఒకరి మీద పడాల్సిందే కదా, నా మీద పడనీ అక్కా అన్నాడు.

వాడికీ పోచంపల్లిలో ఒక తల్లి ఉంది మంజూ. వాడిని కన్నతల్లి ఏడవాలని అమ్మ ఇన్నాళ్ళూ కోరుకుంది. శాపాలు తగలవని నేను పిల్లలకు పాఠం చెబుతాను. అయినా వాడు బండి ఎక్కిన ప్రతిసారీ రూము చేరాక ఫోను చేయమని సతాయిస్తున్నాను. ఒక తమ్ముడిని పోగొట్టుకున్నాక ఇంకొకడికి భయపడే ఓపిక ఎక్కడి నుంచి తేను?

రేపటి పూజలో రోడ్డు మీద కాయ కొట్టవద్దని సార్ చెప్పేశారు. కోర్టు పక్కన గుంత తీసి, దాంట్లో పగలగొట్టి, మన్ను కప్పుతారట. పోయినేడు రోడ్డు మీద కొట్టినందుకే కదా సార్ కప్పు వచ్చింది అన్నాడట కొత్తగా చేరిన ఒకడు. సార్ వాడిని చీకటి పడేదాకా కోర్టు చుట్టూ పరిగెత్తించారట.

ఇవాళ పొద్దున అమ్మ పొయ్యి దగ్గర ఉంది. నా వైపు తిరగలేదు. ఆ పిల్లోడు ఇంకా బండి మీదే తిరుగుతుంటాడా అని అడిగింది. అవునన్నాను. ముద్ద కెలికింది. రేపు బండి తీయవద్దని చెప్పు, రోడ్డంతా కాయలు కొట్టి ఉంటారు, బస్సుకు పొమ్మను అంది.

అంతే. నీ పేరు లేదు, వాడి పేరు లేదు. నేను పెరట్లోకి పోయి నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చాను.

అమ్మకు తెలిసిపోయిందంటావా? తెలిసి ఊరుకుందా? లేక తన కొడుకును చంపాడని నమ్ముతూనే వాడికి జాగ్రత్త చెప్పిందా?

రేపు మధ్యాహ్నానికే కాలేజీ గేటు దగ్గరికి పోతాను, చీపురు తీసుకుని. గేటు నుంచి మలుపు దాకా ఎవరి కాయ కనిపించినా ఎత్తి పక్కన పోస్తాను. చూసి నవ్వేవాళ్ళు నవ్వుకోనీ. సెల్వం బస్సు ఎక్కేదాకా అక్కడి నుంచి కదలను. ఇది నీకు నేనిచ్చే మాట.

ఇంకో మాట కూడా ఇస్తున్నాను. అమ్మ అడిగినా నేను చెప్పను. నువ్వు కూడా కలలోకి వచ్చి చెప్పకు.

నీ అక్క,
రత్న