గోడ మీది మామ్మ

ఆచంట,
14-6-1998.

అత్తయ్యకు నమస్కారాలు.

మన ఊరి చరిత్ర పుస్తకానికి పాత ఫోటోలు వెతుకుతూ నిన్న పాలకొల్లులో ఒక పాత స్టూడియోవారి ఇంటికి వెళ్లాను. గోడ మీద మన మామ్మ! ఈవిడెవరండీ అని అడిగాను.

"మా అమ్మమ్మండీ," అన్నారు ఆ ఇంటావిడ సూర్యకళగారు. "ఫోటో లేకుండా పోయినవాళ్లకి మా తాతగారు ఈవిడ ఫోటోకే ముక్కుపుడకో, కళ్లజోడో గీసి ఇచ్చేవారండి."

మన ఇంట్లో మామ్మ ఫోటోకి ముక్కుపుడక ఉంది.

మామ్మ నేను పుట్టకముందే పోయింది. నాకెలా తెలుస్తుంది? మీకు కన్నతల్లి కదా! ఏటా తద్దినానికి వచ్చి, ఆ పరాయావిడకి దండ వేసి ఎలా ఏడ్చారు?

పుస్తకంలో మామ్మ ఫోటో చోటు ఖాళీగా ఉంచాను. ఆవిణ్ణి చూసినవాళ్లలో మిగిలింది మీరొక్కరే. ఎలా ఉండేదో రాయండి అత్తయ్యా. మొదటిసారి చూస్తాను.

మీ మేనల్లుడు