లోపలి వరుస మోకాళ్ళు

యంగ్‌స్టౌన్, ఒహాయో
మార్చి 3

ప్రియమైన కోచ్,

మీరు పిరికివారు. ముప్పై ఏళ్ళ గౌరవం అడ్డొచ్చి ఇన్నాళ్ళూ ఈ మాట అనలేదు. అమెరికన్ ఫుట్‌బాల్ నియమాల సంఘంలో మీరు సంతకం పెట్టిన ముసాయిదా నిన్న చదివాను. ఇక ఆగలేను.

నడుము కింద కొట్టి పడగొట్టడాన్ని మైదానం అంచుల్లో ఆపేశారు, సంతోషం. ఒకడు ఛాతీ దగ్గర పట్టుకుంటే ఇంకొకడు మోకాళ్ళ మీద పడటాన్ని అంతకుముందే ఆపారు, అదీ సంతోషమే. మరి బంతి పక్కన, వరుస మధ్యలో, ఒంటరిగా మోకాళ్ళ మీదికి దూకడం ఇంకా ఆటలో భాగం ఎట్లా అయింది? అంచున పరిగెత్తేవాడి మోకాలు టీవీలో కనబడుతుంది, అతని పేరున్న చొక్కాలు అమ్ముడుపోతాయి. లోపల మూడు వందల పౌన్ల మనుషుల కుప్ప కింద విరిగిన మోకాలు ఎవరిక్కావాలి? మీరు దీన్ని భద్రత అంటున్నారు. నేను పంక్తిభేదం అంటాను.

వారమంతా మా చేత ఇసుక బస్తాల మీదికి దూకించేవారు. తోటి ఆటగాడి మీద ఒక్కరోజు దూకనివ్వలేదు. లానీ క్రెస్ కొత్తగా వచ్చిన రోజుల్లో పొరపాటున మనవాడి కాళ్ళ మీద పడితే ఏమన్నారో గుర్తుందా? "ఒరేయ్ దున్నపోతా, వాడికి పెళ్ళాంబిడ్డలున్నార్రా." ఆదివారం ఆటలో ఎదురుగా నిలబడేవాళ్ళు అనాథలా, కోచ్?

ఎదుటి జట్టు ఓర్లన్ బాటిస్ట్ అనాథ కాడు. ఆ డిసెంబరు ఆటలో వరుస నడుమ బంతి అందించే సెంటర్‌గా ఉన్న లానీ అతణ్ణి ఛాతీ దగ్గర ఆపాడు. లానీకి ఎడమ పక్కన గార్డ్‌గా నిలబడ్డ నేను మోకాళ్ళ మీద పడ్డాను. అతని కుడి మోకాలు పక్కకు మడతపడిపోయింది. అతను మళ్ళీ ఆడలేదు. అప్పటి నియమం దాన్ని ఒప్పుకుంది. నేర్పింది మీరు, ఆ ఎత్తు వేయమన్నది మీరు. నేను పనివాణ్ణి, చెప్పిన పని చేశాను. ఆటగాళ్ళ యూనియన్ పత్రికలో పందొమ్మిది వ్యాసాల్లో ఇదే రాశాను. ఏప్రిల్ 14న మీ సంఘం ముందు సాక్ష్యానికి పిలిచారు కదా, అక్కడా ఇదే చెబుతాను.

ఇప్పటికీ మీ ఆటగాణ్ణే,
ఎమెట్ సాబో

మేకన్, జార్జియా
మార్చి 12

అబ్బాయ్ ఎమెట్,

నీ తిట్లు అందాయి. పిరికివాణ్ణన్నావు, ఒప్పుకుంటాను. కానీ నువ్వనుకున్న కారణానికి కాదు.

ఆ ఆట టేపు నా దగ్గరుంది. నేను వేయమన్న ఎత్తు ఏమిటి? లానీ బాటిస్ట్‌ను పట్టి నిలబెడతాడు. నువ్వు భుజం కలిపి అతణ్ణి నీ చేతుల్లోకి తీసుకుంటావు. లానీ వెనకవాడి మీదికి వెళతాడు. కిందికి దూకడం అందులో లేదు. లానీ అతణ్ణి పట్టుకుని ఉన్నది నీకు అప్పజెప్పడానికి. నువ్వు దూకావు.

ఆ రోజు అప్పటికే మూడుసార్లు నిన్ను తోసుకుపోయాడు. నీ చోట దింపడానికి ఇంకొకణ్ణి బల్ల మీంచి లేపాను, అది నువ్వు చూశావు. సోమవారం టేపు ఆపి ఆపి చూశాను. ఆ ఎత్తులో మన బంతి ఏడు గజాలు ముందుకెళ్ళింది మరి, బాగా ఆడావని నీ పేరు పక్కన ప్లస్ గుర్తు పెట్టాను. అదీ నా పిరికితనం.

సంఘం ముందు నీకు తోచింది చెప్పుకో. నేను నోరు విప్పను.

హార్లన్ ప్రూయెట్

యంగ్‌స్టౌన్
మార్చి 27

ప్రియమైన కోచ్,

మీ ఉత్తరం మూడు రోజులు జేబులో పెట్టుకు తిరిగాను. గుర్తులేదని రాద్దామనుకున్నాను. అబద్ధమవుతుంది. మీరు లేపిన కుర్రాడు శిరస్త్రాణం బిగించుకోవడం ఈ కళ్ళతో చూశాను. నా చోటు పోతుందని భయపడ్డాను. నా భయాన్ని ఇంకొకడి మోకాలికి దించాను. తర్వాత ఆ నేరాన్ని నియమానికీ, మీకూ, జట్ల యజమానులకూ పంచిపెట్టి నా వంతు లేకుండా చూసుకున్నాను. రాసిన ప్రతి వ్యాసానికీ చప్పట్లు వచ్చాయి.

లూసియానా వెళ్ళాను. ఒపెలూసస్‌లో ఓర్లన్ వాకిట్లో కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేవలేదు.

"ఎర్లీన్, చూడు ఎవరొచ్చారో. నా మోకాలి మీద మా డాక్టరు రాసిన మందుచీట్ల కన్నా ఈయన రాసిన వ్యాసాలే ఎక్కువ" అని భార్యను కేక వేశాడు.

ఆమె తలుపు దగ్గర నిలబడి, "అవి గుమ్మం దగ్గర పెట్టి వెళ్ళమను, పొయ్యి రాజేసుకుంటాను" అంది. అయినా గంబో పులుసుతో అన్నం పెట్టింది.

నేను చెప్పాను. కోచ్ చెప్పలేదు, నేనే దూకానని. అతను తింటూనే ఉన్నాడు.

"తెలుసు" అన్నాడు. "బంతి కదిలే ముందు నువ్వు నా కళ్ళలోకి చూళ్ళేదు. కాళ్ళు చూశావు. తిను, చల్లారిపోతుంది."

"తెలిసి ఇన్నేళ్ళూ ఎందుకు అనలేదు?"

"ఎవరితో అనేది సాబో? తప్పుకు విసిరే జెండా పడలేదు కదా. తప్పే జరగలేదని అంపైరే అంటే, నేను ఏమని ఏడవను? ఆదివారం చర్చిలో అందరూ మోకరిల్లితే నేను కూర్చునే ఉంటాను. కొత్తగా వచ్చిన ఫాదరు నాకు పొగరనుకున్నాడు. ఆయనకూ చెప్పలేదు."

తిరుగు దారంతా ఆ మాటతోనే పోట్లాడాను. సంఘంలో మీవాళ్ళు ఏమంటారో నాకు తెలుసు: 'చూశారా, ఒక భయస్తుడు చేసిన పని, నియమానిదేం తప్పు?' కాదు. భయస్తులు ప్రతి వరుసలో ఉంటారు. మీరు వదిలేసిన ఆ సందు మా కోసమే ఉంది. అందులోంచి నేను దూరిపోయాను, బయటికొచ్చి నీతులు రాశాను. నియమం ఆ పని చేయించలేదు. దానికి పేరు లేకుండా చేసింది. పేరులేని తప్పును మోసేవాడు దెబ్బతిన్నవాడే. క్షమించమని అతణ్ణి అడగడానికి నోరు రాలేదు. అడిగితే ఆ బరువు కూడా అతని మీదే పడుతుంది.

అందుకని కోచ్, అడగాల్సినవి మిమ్మల్నే అడుగుతున్నాను:

1. ఏప్రిల్ 14న సాక్షుల జాబితాలో నా పేరు పక్కన 'వ్యాసకర్త' తీసేసి, 'కొట్టినవాడు' అని రాయండి.

2. ఆ టేపు మొదటినుంచి చివరిదాకా వేయండి. నేను అతని కాళ్ళు చూస్తున్న చోట ఆపండి.

3. నడుము కింద దెబ్బ మైదానంలో ఎక్కడైనా, ఎవరు ఎవరిని కొట్టినా నిషేధించండి. లోపలి వరుసను వదలకండి.

4. మీరూ నోరు విప్పండి. ఆ ప్లస్ గుర్తు ఎందుకు పెట్టారో చెప్పండి.

5. ఓర్లన్ బాటిస్ట్‌ను పిలవండి. రానంటే బలవంతం చేయకండి. వస్తే ముందు వరుసలో కుర్చీ వేయండి, మోకాలు చూపించమని మాత్రం ఎవరూ అడగకూడదు.

ఎమెట్ సాబో