మంద పడుకున్న మన్ను

పెన్‌పహాడ్, మంగళవారం రాత్రి.

నా పేరు సాయమ్మ. డెబ్బై దాటాయి. ఇంట్లో నేను, కొడుకు లింగయ్య, ఇది రాస్తున్న కోడలు రేణుక.

మా దిగువ మడి చౌడుబారి వరి పండటం లేదు. పరీక్షకు ఆ మన్ను తెమ్మని రైతుల శిక్షణలో చెబితే, లింగయ్య ఎరువు కోసం గొర్రెల మందను పడుకోబెట్టిన పై మడిలో తవ్వి సూర్యాపేటలో ఇచ్చాడు. నేల బలంగా ఉందని, ఏమీ వేయక్కర్లేదని ఈ రోజు ఫలితం వచ్చింది.

"చౌడు మన్ను తీస్కపోతే నలుగుర్ల ఇజ్జత్ పోదా, అవ్వా?" అన్నాడు.

"పెండ్లిసూపులకు పోయినవ్‌రా? జరమొచ్చినోన్ని ఇంట్ల పండవెట్టి, గట్టిగున్నోన్ని దవాఖానకు తీస్కపోతరా?" అన్నాను.

ఈసారీ పండకపోతే ఇంట్లో తిండిగింజలుండవు. రేపు చౌడు మన్ను నేనే మోసుకెళ్తాను. నాట్లలోపు ఫలితం వస్తుందో, రాదో...

సాయమ్మ వేలిముద్ర.

సాక్షులు: కోడలు రేణుక, పక్క చేను ఎల్లయ్య. లింగయ్యను సంతకం పెట్టమంటే అలిగి పడుకున్నాడు.