మొక్కలు నాటేముందే

తమ్ముడూ ఛెంగ్‌వూ,

నిన్న పొద్దున పూర్వీకుల ముందు అగరొత్తులు వెలిగించి, గంజి పొయ్యి మీద పెట్టాను. అనాసపువ్వు మొక్కలు పెరట్లో తడి గోనెల్లో ఉన్నాయి. పక్కింటి వెయ్ బాబాయి గోడ మీంచి నాన్నతో, "ఏం అన్నయ్యా, గుంతలు తవ్వేసరికి ముసలాడివైపోతావు" అని వేళాకోళమాడాడు. నాన్న నవ్వలేదు. నీ ఫోను వచ్చినప్పటి నుంచి ఆయన కాలు ఒకచోట నిలవడం లేదు.

ఫ్లూ మందుకు ఇక అనాసపువ్వు కాయలతో పనిలేదని, మీ కంపెనీలో తొట్టెల్లో సూక్ష్మజీవులను పెంచి, ఆ కాయల్లోంచి తీసే సరుకునే చవగ్గా, త్వరగా తీస్తున్నామని అన్నావు. రోగులకు మందు అందుతుంది. అందుకు దణ్ణం పెట్టుకున్నాను. కానీ కంపెనీ ప్రకటించేదాకా ఎవరికీ చెప్పొద్దన్నావు. మందుల వాళ్ళు కొంటారనే కదా, ఊరంతా మొక్కజొన్న మానేసి ఈ మొక్కలు తెచ్చింది. బాబాయి గేదెను కూడా అమ్మేశాడు.

"తమ్ముడి పురుగులు చెట్టెక్కవు, కూలి అడగవు. వాటితో మనమేం గెలుస్తాం?" అన్నాడు మీ అన్న గుయ్‌మింగ్. వాడి భార్య కసిరింది. "మన సంగతి సరే, రేపు బాబాయి మొహం ఎలా చూస్తావు?"

సాయంత్రం అందరం కూర్చున్నాం. ఫోనులో నీ గొంతు వింటే చెప్పలేనని రాస్తున్నాను. మనం మొక్కలు నాటడం లేదు. సమాధుల పండుగ మర్నాడు ఊరివాళ్ళు నాటుతారు. పండుగకు నువ్వొచ్చి నీ నోటితోనే వాళ్ళకు చెప్పాలి. నీ ఉద్యోగం పోవచ్చని నాన్నకు తెలుసు. నువ్వు రాకపోతే ఆయనే చెబుతారు.

పెద్దక్క