స్లీవ్ ముందు

ఫిబ్రవరి 3

మర్చిపోతానని ఈ డైరీ కొన్నాను. ఏ రోజు పని ఆ రోజు రాసిపెట్టుకుంటే రేపు ఎవరైనా అడిగినప్పుడు తెల్లమొహం వేయక్కర్లేదు.

పొద్దున గ్యాస్ కట్టేశాను. తాళం వేశాను. మెట్లు దిగి, మళ్ళీ ఎక్కి, తాళం లాగి చూశాను. వీధి మలుపు దాకా వెళ్ళి మళ్ళీ వచ్చాను. కింది వాటా ఆవిడ ఏమైనా పారేసుకున్నావా అని అడిగింది. అవును, మతి పారేసుకున్నా అందామనుకున్నాను. ఊరికే నవ్వి వచ్చేశాను.

ఫిబ్రవరి 4

గోడౌన్లో నా పని ఇదీ. సైట్ల నుంచి వచ్చిన క్లీవర్లు, అంటే ఫైబర్ కోసే కత్తులు తుడవడం, ఆల్కహాల్ సీసాలు నింపడం, ఫోన్ లైన్ల గాజు ఫైబర్ తుక్కు డబ్బాలు ఖాళీ చేయడం. ఆ తుక్కు వెంట్రుక ముక్కలా ఉంటుంది. కంటికి ఆనదు. వేలిలో దిగితే మాత్రం వారం రోజులు సలుపుతుంది. ఒకప్పుడు ఆ తుక్కు నా చేతి కింద నుంచే రాలేది. ఇప్పుడు పారబోస్తున్నాను.

ఓడలు బళ్ళవుతాయి, బళ్ళు ఓడలవుతాయి అంటారు. నా విషయంలో మొదటి సగమే అయింది.

ఫిబ్రవరి 7

పని మొత్తం వరసగా గుర్తుందో లేదో రాసి చూసుకుంటాను. ఎవరూ అడగలేదు. నేనే అడుగుతున్నాను.

అన్నిటికంటే ముందు స్లీవ్. వేలి పొడవు ఉండే సన్నటి గొట్టం. దాన్ని ఒక ఫైబర్‌కి తొడిగి వెనక్కి జరపాలి. తర్వాత స్ట్రిప్పర్‌తో పైన రంగు పూత ఒలవాలి, ఆగకుండా ఒకే లాగుడు. లోపలి గాజుని ఆల్కహాల్ తడిపిన టిష్యూతో తుడవాలి. శుభ్రమైతే కిచకిచమంటుంది, అదే గుర్తు. అప్పుడు క్లీవర్లో పెట్టి కోయాలి. కోశాక కొస దేనికీ తగలకూడదు. మళ్ళీ తుడవకూడదు. రెండు కొసల్నీ మెషిన్లో ఎదురెదురుగా పడుకోబెట్టి మూత వేస్తే చిన్న మెరుపు. అంతే, రెండు గాజు పోగులు ఒకటైపోతాయి. అతుకు ఎక్కడో స్క్రీన్ మీద వెతికినా దొరకదు.

కానీ అక్కడ పూత లేదు కదా. చలికాలంలో చొక్కా లేకుండా బయట నిలబడ్డ మనిషి లాంటిది. అందుకే ముందు తొడిగిన స్లీవ్‌ని దాని మీదికి జరిపి హీటర్లో పెడతాం. అది ముడుచుకుని గట్టిగా పట్టుకుంటుంది. ముందు తొడగడం మర్చిపోయామా, ఇక తొడగడానికి కొస అంటూ ఉండదు. రెండు కొసలూ అతుక్కుపోయాయి. మళ్ళీ కోసి మొదటి నుంచీ చేసుకోవాలి.

అంతా గుర్తుంది. ఒక్క మాట కూడా కొట్టివేయలేదు. మరి ఆ రోజు ఎలా మర్చిపోయాను?

పైన తేదీ వేసేటప్పుడు ఫిబర్వరి అని రాయబోయాను. దిద్దుకున్నాను. ఇదీ నా సంగతి.

ఫిబ్రవరి 10

ఆ రోజు గురించి రాసేస్తే దిగిపోతుందేమో.

పోయిన ఏడాది వానల్లో. వంతెన పక్కన, లైన్ అతుకులు భద్రంగా పెట్టే జాయింట్ డబ్బా. నేనూ మా ఆయనా ఒకే టీమ్. నేను అతుకులు వేస్తాను, ఆయన టెస్టింగ్ చూస్తాడు. నాకు ఈ పని నేర్పిందీ ఆయనే, పెళ్ళికి ముందు. మధ్యాహ్నానికి అన్ని అతుకులూ వేసేశాను. మిగిలిన ఫైబర్‌ని ట్రేల్లో చుట్టి సర్దాను. డబ్బా మూత మీద మార్కర్‌తో సంతకం పెట్టాను, ఎవరు అతికితే వాళ్ళ సంతకం ఉండాలని మా రూలు. అప్పుడే పాప స్కూల్ నుంచి ఫోన్. ఒళ్ళు కాలిపోతోందట. నువ్వు వెళ్ళు, టెస్టింగ్ నేను చూసుకుంటా అన్నాడు ఆయన. వెళ్ళిపోయాను.

కొన్ని నెలలకి ఆ డబ్బాలో ఒక అతుకు తెగింది. అంబులెన్స్ ఆఫీసు ఫోన్లు ఒక పూటంతా మూగబోయాయి. లైన్ కంపెనీ వాళ్ళు వచ్చి డబ్బా విప్పారు. ఒక అతుకుకి స్లీవ్ లేదు. దాని మీద టేపు చుట్టి ఉందట. మూత మీద నా సంతకం.

మా బాస్ పిలిచాడు. ఏది అడిగినా రేపు చూద్దాం అంటాడని మేమంతా రేపు సార్ అంటాం. ఆ రోజు మాత్రం రేపు అనలేదు. టేపు చుట్టినట్టు నాకు గుర్తు లేదు. కానీ నా సంతకం ఉందిగా. పాప మీద ధ్యాసతో చేసి ఉంటాను అన్నాను. మెషిన్ తీసేసుకుని నన్ను గోడౌన్లో వేశారు. ఆ పూట ఎవరైనా అంబులెన్స్ కోసం ఫోన్ చేసి దొరక్క చనిపోయారా అని అడిగే ధైర్యం నాకు ఇప్పటికీ రాలేదు.

ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. అందరి ముందూ భుజం మీద చేయి వేసి, తప్పులు అందరూ చేస్తారు సార్, తల్లి మనసు కదా అన్నాడు. నేను వెక్కి వెక్కి ఏడ్చాను. ఇలాంటి మనిషి దొరకడం నా అదృష్టం అనుకున్నాను.

ఫిబ్రవరి 12

గ్యాస్ కట్టేశాను. పాప నా వెనకే వెళ్ళి చూసొచ్చింది.

ఫిబ్రవరి 15

అత్తయ్య ఇవాళ పక్కింటావిడతో చెబుతోంది, దాని చేతికి తాళాలిస్తే కోతికి కొబ్బరికాయ ఇచ్చినట్టేనని. నేను వింటున్నానని తెలిసే చెప్పింది. ఆవిడకి లోపల ఒకటి బయట ఒకటి ఉండదు, అదొక్కటి మెచ్చుకోవాలి. ఆయన వెంటనే, అమ్మా ఊరుకో, తనకి మతిమరుపు, కావాలని చేస్తుందా అన్నాడు.

ఆయన అడ్డం వచ్చినప్పుడల్లా నేను ఇంకో అంగుళం కుంగిపోతున్నాను. ఎందుకో తెలీదు. వెనకేసుకొచ్చే మొగుడి మీద కోపం వచ్చేదాన్ని నేనొక్కదాన్నేనేమో.

పాప ప్రాజెక్టుకి అట్టలు అంటించాను. మా ఇంట్లో టేపు చుట్ట కొస ఎప్పుడూ మడిచి ఉంటుంది, గోరుతో గీకి వెతుక్కోకుండా. ఆయన చేతి అలవాటు. చిన్న చెవిలా మడుస్తాడు. పెళ్ళయిన కొత్తలో అది చూసే మురిసిపోయాను, తర్వాత వాడేవాళ్ళ గురించి ఆలోచించే మనిషి అని.

నా అలవాటు ఇంకొకటి. పాపకి జడ వేసే ముందు రబ్బర్ బ్యాండ్ నా వేళ్ళకి తొడుక్కుంటాను. నీళ్ళు తాగడానికి కూడా ముందు స్లీవ్ తొడుగుతావే నువ్వు అని ఆయన ఆటపట్టించేవాడు. ఈ మధ్య ఆ మాట అనడం మానేశాడు.

ఫిబ్రవరి 18

ఆయన ట్రైనర్ అయ్యాడు. ఇక సైట్లకి వెళ్ళక్కర్లేదు, కొత్తవాళ్ళకి క్లాసు చెప్పాలి. ఇస్త్రీ చొక్కా. కొండ దాటే కొత్త లైన్‌కి హెడ్ స్ప్లైసర్, అంటే అతుకులు వేసేవాళ్ళలో పెద్ద, కావాలని బోర్డు మీద పెట్టారు. రేపు సార్‌ని అడిగాను, నాకు మళ్ళీ మెషిన్ ఇస్తారా అని. రేపు చూద్దాం అన్నాడు. మచ్చ ఉంది కదమ్మా అని కూడా అన్నాడు, మెల్లిగా.

ఫిబ్రవరి 21, మధ్యాహ్నం

రాయాలి. ఇది మర్చిపోకూడదు.

క్లాసుకి గోడౌన్ వాళ్ళు కూడా రావాలన్నారు. చివరి కుర్చీలో కూర్చున్నాను. ఆయన చెబుతున్నాడు, బాగానే చెబుతాడు. తెర మీద బొమ్మలు మారుతున్నాయి. చివర్లో ఆఫీసు వాళ్ళు ఒక బొమ్మ కలిపినట్టున్నారు, ఆయనకి తెలిసినట్టు లేదు. కింద రాసి ఉంది: ఇలా చేయకూడదు. వంతెన డబ్బా. ఆ రోజు లైన్ కంపెనీ వాళ్ళు విప్పగానే తీసిన ఫోటో.

అందరూ తిరిగి నా వైపు చూశారు. నేను తెర వైపు చూశాను. ఆ ఫోటో నేను అంతవరకు చూడలేదు. సిగ్గుతో చూపించమని అడగనే లేదు.

ట్రేలో ఫైబర్ చుట్ట ఉల్టా తిరిగి ఉంది.

నేను గడియారం ముల్లు తిరిగే వైపే చుడతాను. అందరూ అంతే. ఆయనది ఎడమచేతి వాటం, ఎదురు తిప్పుతాడు. మా టీమ్‌లో దాని మీద ఎన్ని జోకులో. ఆ ఫోటోలో చుట్ట ఎదురు తిరిగింది. స్లీవ్ లేని అతుకు మీద నీలం టేపు. టేపు కొస చిన్న చెవిలా మడిచి ఉంది.

ఆయన బొమ్మ మార్చేశాడు. నేను లేచి, ఒకసారి వెనక్కి వెళ్ళండి అన్నాను. టైమ్ లేదు అన్నాడు. వెనక్కి వెళ్ళండి అన్నాను మళ్ళీ. క్లాసు అయిపోయింది అన్నాడు. ప్రొజెక్టర్ ఆపేశాడు. స్విచ్ వెతుక్కోవడానికి ఆయనకి చాలాసేపు పట్టింది.

అదే రోజు, సాయంత్రం

ఇంటికి రాగానే అడిగాను. అత్తయ్య కూరగాయలు తరుగుతోంది. పాప ట్యూషన్‌కి వెళ్ళింది.

ముందు ఏ ఫోటో అన్నాడు. తర్వాత లైన్ కంపెనీ వాళ్ళే కదిలించి ఉంటారన్నాడు. ఇంట్లో ఉన్న టేపు చుట్ట తెచ్చి ముందు పెట్టాను. దాన్ని చూస్తూ కూర్చుని, మెల్లిగా చెప్పాడు.

నేను వెళ్ళాక టెస్టింగ్ కోసం ట్రే లేపాడట. ఒక ఫైబర్ చిట్లింది. చుట్ట విప్పి తనే మళ్ళీ అతికాడు. వాన మొదలైంది, కంగారులో స్లీవ్ మర్చిపోయాడు. కోసి మళ్ళీ చేద్దామంటే ఫైబర్ పొడవు చాలదు, పై ట్రే మొత్తం విప్పాలి. ఇంకో రోజు వచ్చి సరిచేద్దామని టేపు చుట్టాడు. ఆ ఇంకో రోజు రాలేదు.

సరే. చేయి జారింది. వాన. నేనైతే అర్థం చేసుకోనా? కానీ రేపు సార్ ముందు నేను తల వంచుకుని నిలబడ్డప్పుడు నోరెందుకు విప్పలేదు అన్నాను. అప్పటికే ట్రైనర్ పోస్టుకి తన పేరు వెళ్ళిందట. ఇంట్లో ఒక్కరి పేరైనా బాగుండాలి కదా అన్నాడు. ఆ జీతం నువ్వూ పాపా తినేదే కదా అన్నాడు. అయినా నిన్ను ఒక్క మాటైనా అన్నానా, ఇన్ని రోజుల్లో, ఒక్క మాటైనా అన్నాడు.

అదే. అదే నా కడుపు మంట. తిట్టి ఉంటే బాగుండేది. తన తప్పుకి నన్ను క్షమించాడు. అందరి ముందూ క్షమించాడు. ఇంట్లో రోజూ క్షమించాడు. నేను తాళం లాగి చూసుకోవడానికి వెనక్కి పరిగెత్తుతుంటే కిటికీలోంచి చూస్తూ జాలిపడ్డాడు. నా కూతురు నా వెనక గ్యాస్ చూసి వస్తుంటే, అమ్మకి మతిమరుపు, నువ్వే చూసుకోవాలి అని దాని తల నిమిరాడు. నా బుర్రని నాకు కాకుండా చేశాడు. దొంగ దొరికితే సొత్తయినా తిరిగి తెచ్చిస్తారు. దీన్ని ఎవరు తెచ్చిస్తారు?

అత్తయ్య కత్తి పక్కన పెట్టింది. చిన్నప్పుడు కూడా అంతే వీడు, పాలు తాగింది తను, దెబ్బలు పిల్లికి అంది. కొడుకుని చూడకుండా లేచి లోపలికి వెళ్ళిపోయింది.

ఫిబ్రవరి 22

రేపు సార్ గదికి వెళ్ళాను. మొత్తం చెప్పాను. రేపు మాట్లాడదాం అన్నాడు. ఇవాళే సార్ అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

అతన్ని పిలిపించారు. రాత్రి ఇంట్లో ఒప్పుకున్నవాడు ఆఫీసులో కాదన్నాడు. మా ఆవిడ మనసు బాగాలేదు సార్, మీకు తెలిసిందే కదా అన్నాడు. తెలిసిందే కదా అట. తలుపు దగ్గర నిలబడ్డవాళ్ళు జాలిగా తలలూపారు. చూశారా, ఎంత బాగా అల్లిపెట్టాడో. నేను ఏం చెప్పినా మతిమరుపు ఖాతాలోకే పోతుంది.

అప్పుడు నేను ఖాళీ ట్రే, ఫైబర్ తెప్పించమన్నాను. ఇద్దరం చుడతాం, మీరే ఫోటో పక్కన పెట్టి చూడండి అన్నాను. రేపు సార్‌కి ఇది నచ్చింది, తను ఏ నిర్ణయమూ తీసుకోనక్కర్లేదు కదా.

నేను చుట్టి మూత వేశాను. మామూలు పని. చేతులకి అంతా గుర్తుంది, ఇన్నాళ్ళూ వాటిని అనుమానించింది నేనే.

అతను మొదలుపెట్టాడు. నేను తిప్పిన వైపే తిప్పుతున్నాడు. కుడి చేత్తో. సగం చుట్టాక ఫైబర్ పైకి లేచింది. నొక్కాడు, ఇంకో పక్క లేచింది. చెమటలు. మా వ్యాన్ డ్రైవరన్న తలుపు దగ్గర నుంచి, పాపం ఏ దురుద్దేశం లేకుండా, అదేంటన్నా, చెయ్యి మార్చావేంటి, ఎప్పుడూ ఎడమ చేత్తో కదా చుడతావు అని అడిగాడు.

చుట్ట మొత్తం ట్రేలోంచి ఎగిరి టేబుల్ మీద పడింది.

నాకు సంతోషం వేస్తుందనుకున్నాను. వేయలేదు. పన్నెండేళ్ళ కిందట ఆ చేతులే నా చేతుల మీద పెట్టి స్లీవ్ ముందు, ఏం మర్చిపోయినా స్లీవ్ ముందు అని నేర్పాయి. ఆ చేతులు అలా తడబడుతుంటే చూడలేక గోడ వైపు తిరిగాను.

కొండ లైన్ నాది. మెషిన్ నా పేరు మీద రాశారు.

ఫిబ్రవరి 23

ఇప్పుడు తృప్తేనా అని అడిగాడు. నువ్వు కూడా మనిషివే, ఎప్పుడో ఒకప్పుడు నువ్వూ మర్చిపోతావు అన్నాడు. మర్చిపోతాను. అది నా తప్పే అవుతుంది. దాన్ని నాకే ఉండనిస్తే చాలు అన్నాను.

క్షమించమని అడగలేదు. అడిగినా నా దగ్గర క్షమ లేదు. ఇన్నాళ్ళూ అతనే వాడేశాడు.

కొండ కింద ఊళ్ళో గది తీసుకున్నాను. పాప నాతో వస్తోంది. అత్తయ్య దాని బట్టలు మడిచి పెట్టింది. ఇవాళ పొద్దున పాప గ్యాస్ చూడటానికి వంటింట్లోకి రాలేదు.

ఫిబ్రవరి 26

కొత్త గది. తాళం వేశాను. వెనక్కి వెళ్ళి లాగి చూడలేదు.